సీసం రుచి తెలిసిన మనిషి

మా ఇంటి పైగది ఖాళీగా ఉందని ఆసుపత్రిలో ఎవరో చెప్పారట, ఒక ఆదివారం పొద్దున ఒకామె వచ్చి గేటు దగ్గర నిలబడింది. ముప్పై మూడో, ముప్పై నాలుగో ఉంటాయి. మనిషి సన్నగా, పాలిపోయి ఉంది. ముంజేతులు మాత్రం గట్టిగా ఉన్నాయి, రోజూ బరువులెత్తే మనిషని చూడగానే తెలుస్తోంది. గొళ్ళెం తీసేలోపే నేను అడగాల్సినవన్నీ అడిగేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు పురిటి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చేసినదాన్ని, ప్రశ్నలు నా నోట్లోంచి వాటంతటవే వచ్చేస్తాయి.

"మూడో నెలండి. ఇది మూడో కాన్పు. పిల్లలు లేరు," అంది.

ఆ మాటలు నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. గది చూపించాను. ఒక మంచం, ఒక పొయ్యి, వీధివైపు చిన్న బాల్కనీ. ఆమె గోడ మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంది. గది చూడ్డానికి వచ్చినవాళ్ళు నీళ్ళొస్తాయా, గాలొస్తుందా అని అడుగుతారు గానీ గోడల దుమ్ము పరీక్ష చేసినవాళ్ళను నేను అంతకుముందు ఎరగను. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"రోజూ ఊడ్పిస్తాను," అన్నాను.

"అది కాదండి. మా ఇంట్లో అయితే వేలికి పసుపుపచ్చగా అంటుకుంటుంది. ఇక్కడ మామూలు దుమ్మే," అంది, అదేదో నా ఇంటికి బహుమతి ఇస్తున్నట్టు.

సామాను ఎప్పుడు తెస్తావంటే లేదంది. పాత ఇంటి నుంచి చీపురుపుల్ల కూడా తేవద్దని డాక్టరమ్మ చెప్పిందట. ఒంటి మీదున్న బట్టలు కూడా ముందురోజు కొన్నవే. చేతిసంచిలో ఇంకో జత, మందుల చీటీ, దువ్వెన. సంసారం చేసిన మనిషి అంత ఖాళీ చేతులతో రావడం చూస్తే నాకే ఏదోలా అనిపించింది. ఆ పూటకు ఒక గిన్నె, ఒక గ్లాసు ఇచ్చాను.

ఆమె పని కప్పులూ సాసర్లూ చేసే కార్ఖానాలో. మట్టితో చేసి ఒకసారి కాల్చిన కప్పు గరుకుగా ఉంటుంది, నీళ్ళు పీల్చేస్తుంది. దానికి అద్దంలాంటి మెరుపు రావాలంటే పూతనీళ్ళలో ముంచి మళ్ళీ బట్టీలో పెట్టాలి. ఆ పూతనీళ్ళను తెల్లరాతి పొడీ సీసం పొడీ కలిపి చేస్తారు. సీసం పొడి పచ్చగా, పిండిలా మెత్తగా ఉంటుందట. బరువైన పొడి కాబట్టి తొట్టి అడుక్కి దిగి గడ్డకట్టకుండా కాస్త వెనిగర్ పోస్తారు. వెనిగర్ తగిలిన సీసం తియ్యగా మారుతుంది. మిగతా చోట్ల ఏం చేస్తారో తెలియదు గానీ ఆ కార్ఖానాలో పూత కుదిరిందో లేదో చూడ్డానికి తూకమూ లేదు, కొలతా లేదు. చిటికెనవేలు తొట్టిలో ముంచి నాలుక మీద పెట్టుకుంటారు. తీపి నాలుక కొసనే ఆగిపోతే పొడి చాల్లేదని, గొంతు దాకా పోతే ఎక్కువైందని, మధ్యలో ఆగి చివర్న కాస్త వగరు తగిలితే కుదిరిందని లెక్క.

అలాంటి నాలుక అందరికీ ఉండదు. ఆమె అత్తగారికి ఉండేది. ఆవిడ పోయాక ఆ పని కోడలికి వచ్చింది. పదకొండేళ్ళు ప్రతి పొద్దునా ఈమె తొట్టి తొట్టికీ రుచి చూసి తలూపితే గాని అక్కడ ఒక్క కప్పు కూడా మునిగేది కాదు. అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ నాలుకమ్మే. యజమాని కూడా పొద్దున్నే వచ్చి 'నాలుకమ్మ వచ్చిందా' అని అడిగేవాడట.

ఇదంతా చెప్తుంటే ఆమె మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. విషాన్ని వేలితో నాకి, పైగా దానికో బిరుదు.

"మీ అత్తగారికి ఎంతమంది పిల్లలు?" అన్నాను.

"పుట్టినవాళ్ళు ఏడుగురండి. మిగిలింది మా ఆయన ఒక్కరే."

అనేశాక ఆ మాట తనకే అప్పుడు వినిపించినట్టు తల దించుకుంది. నేనూ ఇక పొడవలేదు.

ఆమె మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోసారి ఎనిమిదో నెలలోనే పుట్టాడు, కిలోంబావు. మూడు రోజులున్నాడు. ఈసారి నెల తప్పగానే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ కళ్ళు చూసి, గోళ్ళు చూసి, నోరు తెరవమంది. చిగుళ్ళ అంచున సన్నటి నీలం గీత కనిపించింది. ఏం పని చేస్తావని అడిగింది. అంతే, ఆ ఒక్క ప్రశ్న. ముందు రెండుసార్లూ ఎవరూ అడగలేదు. వాళ్ళను తిడదామని నోరు తెరిచాను గానీ, నా ముప్పై ఎనిమిదేళ్ళలో నేనెంతమందిని అడిగానో గుర్తుచేసుకుని మూసుకున్నాను. నెత్తురు పరీక్షలో సీసం నలభై నాలుగు వచ్చింది. ఉండాల్సింది ఎంతమ్మా అంటే, ఏమీ ఉండకూడదని డాక్టరమ్మ చెప్పిందట.

కాన్పు గదిలో బిడ్డ బయటికి రాగానే అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. ఆ తర్వాత వచ్చే మావిని చూసేది నర్సు ఒక్కతే. పళ్ళెంలో పరిచి, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమో చూసి, తూచి రాయాలి. నేను వేలల్లో చూశాను. మందపాటి రొట్టె అంత ఉంటుంది, ముదురెరుపు రంగు. తొమ్మిది నెలలు బిడ్డకు నోరూ, పేగులూ, ఊపిరీ అన్నీ అదే. తల్లి నెత్తురు బిడ్డ నెత్తురులో నేరుగా కలవదు. నడుమ పల్చటి పొర ఉంటుంది. అందులోంచి కాల్షియం ఒక దారిన, ఇనుము ఒక దారిన, చక్కెర ఒక దారిన బిడ్డకు చేరతాయి. సీసానికని వేరే దారి లేదు. కాల్షియం వెళ్ళే దారిలోనే దూరిపోతుంది, పొరకు ఆ తేడా తెలియదు. ఎముక కట్టుకోవడానికి కాల్షియం కోసం చూసే బిడ్డకు సీసం వచ్చి పడుతుంది. అక్కడితో ఊరుకుంటుందా అంటే, ఊరుకోదు. ఆ దారుల్నే పాడుచేస్తుంది. మావిలో నెత్తుటి నాళాల్ని ఇరుకు చేస్తుంది. ఇక తల్లి ఎంత తిన్నా అవతలికి చేరేది తగ్గిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. ఆమె రెండో కాన్పులో ఇద్దరు మనుషుల తిండి తిన్నానని, అయినా పిల్లాడు పీలగా పుట్టాడని, తన తిండిలోనే ఏదో లోపం ఉందని చుట్టుపక్కలవాళ్ళు అనేవారని చెప్పింది. లోపం తిండిలో లేదు.

ఇల్లు కార్ఖానా వెనకే. గోడలూ, పరుపులూ, మొగుడి జుట్టూ అన్నిటా అదే పొడి. ఆయన బట్టీ దగ్గర పనిచేస్తాడు, పుట్టినప్పటి నుంచి చూసింది ఆ పనే. ఆయన పని మానలేడు, ఈమె ఆ ఇంట్లో ఉండకూడదు. బిడ్డ బతకాలంటే ఆరేడు నెలలు విడిగా ఉండాలి. అలా వచ్చింది మా పైగదికి.

ఒంటరిగా ఉండటం ఆమెకు చేతకాదు. పుట్టింట్లో ఒక గదిలో ఆరుగురు, అత్తింట్లో నలుగురు, పనిలో ముప్పై మంది. మా ఇంటికి వచ్చిన మొదటి వారం అగ్గిపెట్టె కోసం మూడుసార్లు కిందికి వచ్చింది. నాలుగోసారి వచ్చినప్పుడు, "అమ్మాయ్, అగ్గిపుల్లలు తింటున్నావా?" అన్నాను. పైకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున పైన ఏవో మాటలు వినపడుతుంటే ఎవరొచ్చారా అని మెట్లెక్కాను. ఎవరూ లేరు. పొయ్యి మీద గిన్నెతో మాట్లాడుతోంది. 'ఇంకా మరగవేం నువ్వు' అని దాన్ని కోప్పడుతోంది. నన్ను చూసి సిగ్గుపడి, "చప్పుడు లేకపోతే చెవులు దిబ్బళ్ళు వేసినట్టుందండి," అంది.

నేను ఒంటరిదాన్నే. పెళ్ళి చేసుకోలేదు. ఎవరి పొత్తూ లేకుండా నా ఇల్లు నేను కట్టుకుని, నా తలుపు నేను వేసుకుని బతకడం నాకు గొప్పగానే ఉండేది. అందుకే మొదట్లో ఆమె దిగులు చూస్తే చిరాకేసేది. ఇదేం పెద్ద కష్టమని ఇంత నీరసపడుతోంది అనుకునేదాన్ని.

వారానికోసారి, సెలవు రోజున, మొగుడు వచ్చేవాడు. రెండుసార్లు స్నానం చేసి వచ్చినా సరే గేటు దాటి రానిచ్చేదాన్ని కాదు. గోళ్ళ సందుల్లో పచ్చదనం నాకు గేటు దగ్గరి నుంచే కనపడేది. ఆయన వీధిలో, ఆమె బాల్కనీలో. భార్యాభర్తల మాటలన్నీ వీధి వీధంతా వినాల్సిందే.

"తిన్నావా?"

"తిన్నానండి. మీరు?"

"ఆఁ. మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను. పన్ను నొప్పి తగ్గిందా?"

"ఎడమవైపుది తగ్గింది. ఉప్పుడబ్బా ఎక్కడ పెట్టావు?"

ఒకసారి ఆ ప్రశ్నకు ఎదురింటి దర్జీ మిషను ఆపి, "అటక మీద ఉందని పోయిన వారమే చెప్పిందిగా బాబూ," అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. అప్పటి వరకు ఆమె నవ్వు నేను వినలేదు. నవ్వుతూనే లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఆయన ఇంకా వీధిలో నిలబడి పైకి చూస్తూనే ఉన్నాడు. కట్టుకున్నవాడు అయిదు గజాల దూరంలో ఉన్నా చెయ్యి అందని ఒంటరితనం నేను ఎన్నడూ పడింది కాదు. నాది నేను కోరుకున్నది. నా గొప్ప ఆ రోజు కాస్త దిగింది.

ఐదో నెల నడుస్తుండగా ఆయన మామూలు రోజున, పనివేళలో వచ్చాడు. చేతిలో కాగితం చుట్టిన చిన్న సీసా. ఆమె మెట్లు దిగి గేటు దాకా వెళ్ళింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె సీసా చేతిలోకి తీసుకుని, మూత పట్టుకుని, అలాగే నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి. నేను కట్టేసి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోతున్నాడు. సీసా ఆయన చేతిలోనే ఉంది. ఆమె పంపు దగ్గర చేతులు సబ్బుతో తోముకుంటోంది. ఏమిటని అడిగితే, "పనివాళ్ళ గొడవలెండి," అని పైకి వెళ్ళిపోయింది.

ఏడో నెలలో మళ్ళీ నెత్తురు పరీక్ష చేశారు. నాలుగు నెలలుగా కార్ఖానా మొహం చూడలేదు, నలభై నాలుగు ఇరవైకైనా దిగి ఉంటుందని నేనే ధైర్యం చెప్పి పంపాను. చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. యాభై ఒకటి.

నాకు కళ్ళ ముందు ఆ సీసా మెదిలింది. ఇక ఆగలేదు. నోటికి ఎంతొస్తే అంత అనేశాను. "రుచి చూశావు కదూ. నాలుకమ్మ అని మళ్ళీ ఒకసారి పిలిపించుకోవాలనిపించింది. ఇద్దరు పోయినా నీకు బుద్ధి రాలేదు," అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పైకి వెళ్ళి గది వెతికాను. దిండు తీసి చూశాను, పరుపు ఎత్తి చూశాను, మందుల డబ్బాల మూతలు తీసి వాసన చూశాను. రెండు జతల బట్టలు, దువ్వెన, మందులు, నేనిచ్చిన గిన్నే గ్లాసూ. తిండిగింజలూ మందులూ తప్ప నాలుగు నెలల్లో ఆ గదిలోకి కొత్తగా చేరిన వస్తువు ఒక్కటి కూడా లేదు. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను బయటికి వస్తుంటే పక్కకు జరిగి దారిచ్చింది.

రెండు రోజులు కిందికి దిగలేదు. పైన గిన్నెలతో మాటలు కూడా వినపడలేదు. నేను తలుపు దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాను, నిశ్శబ్దం అంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో తెలిసింది.

మూడో రోజు డాక్టరమ్మ రమ్మని కబురు పెడితే ఇద్దరం వెళ్ళాం. నేను ముందే అందుకుని, "ఎక్కడో నోట్లో పెట్టుకుందండి," అన్నాను. డాక్టరమ్మ వయసులో నాకు మనవరాలంత ఉంటుంది. నా వంక చూసి మెల్లగా చెప్పింది.

"లేదు సిస్టర్. ఈ సీసం కొత్తగా బయటి నుంచి వచ్చింది కాదు. పదకొండేళ్ళుగా ఒంట్లోకి వెళ్ళిందంతా ఎముకల్లో చేరి కూర్చుంది. సీసాన్ని ఒళ్ళు కాల్షియమే అనుకుని దాచుకుంటుంది. ఇప్పుడు లోపల బిడ్డ ఎముకలు పెరుగుతున్నాయి, కాల్షియం చాలా కావాలి. తిండిలోది చాలకపోతే ఒళ్ళు తల్లి ఎముకల్లోంచే తీసి ఇస్తుంది. దాంతోపాటు ఆ సీసమూ కరిగి వస్తోంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పరుపు కింద వెతికింది ఆమె ఎముకల్లో ఉంది.

"దాన్ని లాగేసే మందు లేదాండి?" అని ఆమె అడిగింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఉందమ్మా. కానీ అది సీసంతోపాటు బిడ్డకి కావాల్సినవి కూడా లాగేస్తుంది. ఇప్పుడొద్దు. కాల్షియం మాత్రలు రెండింతలు చేస్తాను. పాలు, గుడ్లు, ఆకుకూరలు బాగా తిను. బయటి నుంచి ఎక్కువ వస్తే ఎముకలు అంతగా కరగవు."

"అయితే నేను ఇల్లు వదిలి రావడం దండగేనాండి?"

"కాదు. అక్కడే ఉండి ఉంటే ఎముకల్లోదీ గాల్లోదీ రెండూ కలిసేవి."

ఆటోలో వస్తూ ఆమె చాలాసేపు చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. "అందర్నీ వదిలేసి వచ్చానండి. ఇది మాత్రం నాతోనే వచ్చింది," అంది. ఆ తర్వాత సీసా సంగతి తనే చెప్పింది. ఆమె లేక రెండు బట్టీల సరుకు పొక్కులొచ్చి పాడైందట. మింగక్కర్లేదు, నాలుక మీద పెట్టి ఉమ్మేస్తే చాలని యజమాని పూతనీళ్ళు సీసాలో పోసి పంపాడట. "మూత తీద్దామనే అనిపించిందండి. అబద్ధం చెప్పను. ఆ కార్ఖానాలో నేను లేకపోతే జరగనిది అదొక్కటే. తూకం కొనుక్కోమని చెప్పి పంపేశాను," అంది.

క్షమించమని అడగడం నాకు రాదు. ఆ సాయంత్రం నుంచి రెండు కంచాలు పెట్టాను. "పైన ఒక పొయ్యి, కింద ఒక పొయ్యి ఎందుకు, గ్యాసు దండగ," అన్నాను. ఆమె నా మాటను అలాగే తీసుకుంది. పాలు నేనే కాచి ఎదురుగా కూర్చుని తాగించేదాన్ని. మొహం తిప్పితే, "నీకు కాదు, నీ ఎముకలకి," అనేదాన్ని.

నెలలు నిండడానికి మూడు వారాల ముందే, ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. పాత పరిచయం పట్టుకుని నేనూ కాన్పు గదిలో నిలబడ్డాను. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది. కిలో తొమ్మిది వందలు. తక్కువే, కానీ ఏడుపులో బలముంది. అందరూ బిడ్డ చుట్టూ మూగారు. నేను అలవాటు కొద్దీ పళ్ళెం వైపు వెళ్ళాను. మావి నా అరచేయి దాటలేదు. మామూలుగా ఉండాల్సిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ ఉంటుందేమో. వేలితో నొక్కితే అక్కడక్కడ ఇసుకలా తగిలింది. ఇంత చిన్నదాంతో, ఇన్ని అడ్డంకుల్లోంచి ఆ పిల్ల తనకు కావాల్సింది ఎలా గుంజుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక గండం గడిచిందనుకున్నాం. మర్నాడు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. తల్లి నెత్తురులో సీసం నలభై ఆరు ఉందని, అది పాలలోకి కూడా వస్తుందని, నలభైకి లోపు దిగేదాకా చనుపాలు పట్టొద్దని చెప్పింది. బిడ్డను ఎత్తుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు, పాలు మాత్రం డబ్బావే పట్టాలి.

"అప్పటికి నాకు పాలు ఇంకిపోతే?" అంది ఆమె.

"ఇంకిపోకుండా రోజూ పిండి పారబోస్తూ ఉండాలమ్మా."

మళ్ళీ మా పైగదికే వచ్చారు. పచ్చపొడి ఉన్న ఇంటికి పసిపిల్లను ఎవరు తీసుకెళ్తారు. మొగుడి కోసం వెనకవైపు స్నానాల గదిలో ఒక జత బట్టలు పెట్టించాను. వచ్చి, తల రుద్దుకుని స్నానం చేసి, అవి కట్టుకుని అప్పుడు కూతుర్ని ఎత్తుకునేవాడు. గంట ఉండి, మళ్ళీ తన బట్టలు వేసుకుని వెళ్ళిపోయేవాడు. కార్ఖానాలో తూకం కొన్నారని చెప్పాడు. సీసం మానేశారా అంటే లేదన్నాడు. నేను అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

మూడు గంటలకోసారి ఆమె గోడవైపు తిరిగి కూర్చుని గ్లాసులోకి పాలు పిండుకునేది. ఆ సమయంలోనే పిల్లకూ ఆకలి. అందుకని పాలసీసా పట్టే పని నాదైంది. నా చేతుల్లో వేలమంది పుట్టారు గానీ, వాళ్ళెవరూ గంట కంటే ఎక్కువసేపు నా దగ్గర లేరు. ఈ పిల్ల నా మోచేతి మీద తల పెట్టి, నా మొహం వంక చూస్తూ తాగేది. నా గొంతు వినపడితే చాలు కాళ్ళాడించేది. మా వెనకనుంచి గ్లాసులో పాలచుక్కలు పడే చప్పుడు వినపడేది. తర్వాత ఆమె లేచి వెళ్ళి గ్లాసు తూములో ఒంపి, నీళ్ళు పోసేది. రోజుకు ఎనిమిదిసార్లు. ఒక్కరోజు మానలేదు. ఒకసారి ఒంపుతూ, "ఎంత చిక్కగా ఉన్నాయో చూడండి నర్సమ్మగారూ," అంది. నేను అటు చూడలేకపోయాను. చూడలేకపోవడం ఒకటి, పిల్ల నా ఒళ్ళో ఉన్నందుకు లోలోపల సంతోషంగా ఉండటం ఇంకొకటి. రెండోది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

డెబ్బై రెండో రోజున చీటీ వచ్చింది. ముప్పై ఎనిమిది. డాక్టరమ్మ ఇవాళ్టి నుంచే పట్టొచ్చంది. ఇంటికి రాగానే ఆమె స్నానం చేసి వచ్చి, మంచం మీద కూర్చుని, చేతులు చాపింది. పిల్లను ఇచ్చాను.

పిల్లకు అదేమిటో తెలియలేదు. నోటికి అందిస్తే రెండుసార్లు పెదవులు ఆడించి, తల తిప్పుకుని ఏడుపు మొదలెట్టింది. ఇటు మారిస్తే అటు, అటు మారిస్తే ఇటు. వీపు విల్లులా విరిచి గుక్కపెట్టింది. తల్లి రొమ్ము మీద నుంచి పాలు కారిపోతున్నాయి. నేను ఆగలేక, "ఏంటే తల్లీ," అన్నాను. అంతే, పిల్ల ఏడుపు ఆపి, నా వైపు తిరిగి కాళ్ళాడించింది. నా చేతిలోని సీసా కోసం నోరు తెరిచింది.

ఆమె నా వంక చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

"నర్సమ్మగారూ, మీరు కాసేపు కిందికి వెళ్ళండి," అంది. "ఆ సీసా కూడా తీసుకెళ్ళండి. మీరు కనపడితే ఇది నా దగ్గర తాగదు."

వెళ్ళాను. కిందమెట్టు మీద కూర్చున్నాను. పైన ఏడుపు చాలాసేపు వినపడింది. ఆకలి ఏడుపు నాకు తెలుసు, మొండి ఏడుపూ తెలుసు. రెండూ ఉన్నాయి అందులో. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ మళ్ళీ కూర్చున్నాను. తర్వాత ఏడుపు తెరలు తెరలుగా తగ్గి, ఒకచోట ఆగిపోయింది. రొమ్ము పట్టుకుందని అర్థమైంది. ఇన్నాళ్ళ నా ఉద్యోగంలో అంత సంతోషించింది లేదు, ఆ మెట్టు మీద కూర్చుని అంత ఏడ్చిందీ లేదు.

రమ్మని పిలుస్తుందేమోనని చాలాసేపు చూశాను. పిలవలేదు. సీసాలో పాలు చల్లారిపోయాయి.